రెండు సంతకాలకు ఒకే కలమా?

మంత్రులకు శాఖలు పంచిన రోజున అందరి కళ్లూ హోం, ఆర్థికం, రెవెన్యూ ఎవరికి దక్కాయన్న దాని మీదే ఉంటాయి. పర్యావరణం జాబితాలో చివరెక్కడో, అడవులకూ శాస్త్ర సాంకేతికానికీ మధ్య ఇరుక్కుని కనిపిస్తుంది. మిగిలిన పీట ఎవరికి వేస్తేనేం అన్నట్టు ఎవరో ఒకరి పేరు పక్కన దాన్ని చేర్చేస్తారు. ఆ ఎవరో ఒకరు ఇంధన శాఖ మంత్రే అయితే? కరెంటు పుట్టించే సంస్థకూ, దాని పొగను కొలిచే మండలికీ పెద్దదిక్కు ఒకరే అయితే? అలా ఎన్నటికీ జరగకూడదన్నది మా నిశ్చితాభిప్రాయం.

ఇది ఊహించుకుని వేసిన ప్రశ్న కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్ నుంచి బాలినేని శ్రీనివాసరెడ్డి, 2022 ఏప్రిల్ నుంచి పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి ఇంధనాన్నీ, పర్యావరణాన్నీ, అడవులనూ కలిపి చూశారు. రెండో విడతలో గనులు కూడా వచ్చి చేరాయి. వ్యక్తుల గుణదోషాలు ఇక్కడ చర్చనీయాంశం కాదు. ఎంతటి నిజాయితీపరుణ్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టినా చిక్కు చిక్కే. ఉదయం ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో సమీక్షలో ఉత్పత్తి ఎందుకు పడిపోయిందని గద్దించిన మంత్రి, మధ్యాహ్నం కాలుష్య నియంత్రణ మండలిని పిలిచి ఆ యూనిట్‌ను ఎందుకు ఆపించలేదని అడగగలరా? ఎండాకాలం కోతలకు జనం రోడ్డెక్కుతారు. పొగకు దగ్గేవాళ్లు ఆస్పత్రికి వెళతారు. ఓట్ల లెక్కలో ఏ గొంతు ముందు వినబడుతుందో చెప్పనక్కరలేదు.

చట్టం ఈ చిక్కును మరింత బిగిస్తోంది. 1974 నాటి జల చట్టం, 1981 నాటి వాయు చట్టం రెండింటిలోనూ పద్దెనిమిదో సెక్షన్ చెప్పేది ఒకటే: రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశాలకు కాలుష్య నియంత్రణ మండలి కట్టుబడాలి. మండలి అధ్యక్షుణ్ని నియమించేదీ ప్రభుత్వమే. ఇంకో విచిత్రం చూడండి. కాలుష్యం చిమ్మే ఫ్యాక్టరీకి కరెంటు కట్ చేయమని ఆదేశించే అధికారం వాయు చట్టం మండలికి ఇచ్చింది. కరెంటు తయారుచేసే కేంద్రమే కాలుష్యం చిమ్మితే మండలి ఎవరి కరెంటు కట్ చేయాలి? ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మంత్రే ఆ కేంద్రానికి యజమాని అయినప్పుడు ఫైలు కదలదు.

విజయవాడ పక్కనే ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి నడుస్తున్న థర్మల్ కేంద్రాన్నే తీసుకోండి. చుట్టుపక్కల ఊళ్లు బూడిద గురించి మొరపెట్టుకోవడం కొత్త కాదు. గాలి మళ్లితే ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని నీళ్ల మీద సన్నటి పొర. బూడిదను నూటికి నూరు శాతం వినియోగించాలనీ, లేదంటే టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం కట్టాలనీ కేంద్రం 2021 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. మంచిదే. కానీ ఎంత బూడిద వచ్చింది, ఎంత పోయింది, ఎంత చెరువులో మిగిలింది అన్న లెక్క చెప్పేది జెన్‌కో. ఆ లెక్కను సరిచూడాల్సింది మండలి. రెండు సంతకాలూ ఒకే గడప దాటి వస్తే ఊరివాళ్లు ఏ లెక్కను నమ్మాలి? ఇక బూడిద రవాణాలో లాభం ఉందని తెలియగానే ఏం జరిగిందో 2024 చివర్లో రాయలసీమ థర్మల్ కేంద్రం దగ్గర చూశాం. నాయకుల వర్గాలు లారీల కోసం తలపడితే ముఖ్యమంత్రే కల్పించుకోవాల్సి వచ్చింది. ఆ బూడిద పీల్చేవాళ్ల కోసం అంత హడావుడి మనమెప్పుడూ చూడలేదు.

పెద్ద థర్మల్ ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి ఇచ్చేది ఢిల్లీ కదా, రాష్ట్ర మంత్రి ఏం చేస్తారని కొందరు అడుగుతారు. భూమి ఇచ్చేది రాష్ట్రం. ప్రజాభిప్రాయ సేకరణ జరిపేది రాష్ట్ర మండలి. దానికి అధ్యక్షత వహించేది జిల్లా కలెక్టరు లేదా ఆయన తరఫు అధికారి. నిర్మాణానికీ నడపడానికీ సమ్మతి పత్రాలు ఇచ్చేదీ మండలే. ఈ దశల్లో ఏ ఒక్కచోటైనా ఒక అధికారి నిలబడి కాదంటే, థర్మల్ ప్రాజెక్టు తలపెట్టిన సోంపేట దగ్గర నెత్తురు పారేది కాదు. ఊరు తరతరాలుగా బీల అని పిలుచుకున్న తడినేల అధికారుల కళ్లకు పనికిరాని నేలగా కనిపించింది. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసిందీ అదే రోజు. ఆ ‘కాదు’ రాష్ట్రం నోట ముందే రావాల్సింది. ఏడాది తిరక్కుండానే మరో థర్మల్ ప్రాజెక్టు తలపెట్టిన కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు.

వాతావరణ మార్పుల కాలంలో ఇంధనాన్నీ పర్యావరణాన్నీ విడదీసి చూడలేమని, రెండూ ఒకరి చేతిలో ఉంటేనే పొందిక కుదురుతుందని వాదించేవారున్నారు. తోసిపారేయాల్సిన వాదన కాదిది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2007లో ఈ రెండింటినీ ఒకే క్యాబినెట్ కార్యదర్శి కిందకు తెచ్చింది. అయితే అక్కడితో ఆగలేదు. 1990 నాటి స్థాయితో పోలిస్తే 2050 నాటికి ఉద్గారాలను 80 శాతం తగ్గించాలని మరుసటి ఏడాదే చట్టం చేసింది. నడుమ మజిలీల అంకెలు నిర్ణయించే బాధ్యతను ఆ కార్యదర్శి మెడకే కట్టింది. ఆయన కింది శాఖ అవసరమైన నిబంధనలు తేవడంలో వెనకబడితే నలుగురు టీనేజర్లు, పర్యావరణ సంస్థలు కోర్టుకెక్కారు. 2016లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. అక్కడ రెండు శాఖలు కలిసిన చేతికి అంకెల సంకెల ఉంది. మన దగ్గర శాఖలు కలిపారు, సంకెల మరిచారు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఇంధనం గొట్టిపాటి రవికుమార్‌కూ, పర్యావరణం ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌కూ అప్పగించారు. ఈ విభజనను స్వాగతిస్తున్నాం. కానీ పేర్లు వేరైనంత మాత్రాన పని అయిపోలేదు. ఢిల్లీలో రెండు మంత్రిత్వ శాఖలూ ఎప్పటినుంచో వేరే. థర్మల్ కేంద్రాల పొగలో గంధకాన్ని తగ్గించాలని 2015 డిసెంబరులో నిబంధన పెట్టారు. రెండేళ్ల గడువు పొడుగుతూ పోయింది. చివరకు 2025 జులైలో దేశంలోని అత్యధిక కేంద్రాలకు గంధకాన్ని తగ్గించే పరికరాలు పెట్టే బాధ్యతే తప్పించారు. తెలంగాణలో 2023 డిసెంబరులో ఏర్పడిన ప్రభుత్వం పర్యావరణాన్ని విడిగా ఉంచింది గానీ ఆర్థికం, ఇంధనం రెండూ ఒకే మంత్రికి ఇచ్చింది. విద్యుత్ సబ్సిడీ సొమ్ము ముందుగా ఇమ్మని అడగాల్సినవారూ, ఇవ్వాల్సినవారూ ఒకరే అయ్యారు. జబ్బు అదే, పేరు వేరు.

ముందున్నది ఇంకా పెద్ద పరీక్ష. 2024 అక్టోబరులో ప్రకటించిన స్వచ్ఛ ఇంధన విధానంలో ఆంధ్రప్రదేశ్ 160 గిగావాట్లకు పైబడిన లక్ష్యం పెట్టుకుంది. సౌర ఫలకాలకు భూములు కావాలి. నీటిని పైకి తోడి నిల్వ చేసి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీకి కొండలూ వాగులూ కావాలి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఆదివాసీలు అప్పుడే అడ్డం తిరిగారు. పొగ రాదు కాబట్టి పచ్చనిదే అనుకుంటే పొరపాటు. మన్యం కొండల మీద గ్రామసభ మాట వినేవారెవరన్నది ఈ పదేళ్లలో తేలిపోతుంది.

అందుకే రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులనూ కోరుతున్నాం. ఇంధనం, గనులు, పరిశ్రమలు చూసే మంత్రికి పర్యావరణం అప్పగించబోమని ప్రభుత్వ పాలనా నిబంధనల్లోనే రాయండి. మండలికి ఇచ్చే ప్రతి ఆదేశాన్నీ అదే రోజు వెబ్‌సైట్‌లో పెట్టి, తరువాతి సమావేశాల్లో శాసనసభ ముందుంచండి. మండలి నియామకాలకు అర్హతలు నిర్దేశించాలని సుప్రీంకోర్టు 2017 సెప్టెంబరులో ఆరు నెలల గడువిచ్చింది. దాని స్ఫూర్తితో అధ్యక్షుణ్ని బహిరంగ ఎంపిక ద్వారా తీసుకోండి. ప్రభుత్వ సంస్థే కట్టే ప్రాజెక్టుపై ప్రజాభిప్రాయ సేకరణకు కలెక్టరు బదులు విశ్రాంత న్యాయమూర్తి కూర్చునేలా నిబంధన మార్చమని కేంద్రాన్ని అడగండి. చిమ్నీ దగ్గరి యంత్రాలు చూపే అంకెలను ఏ రోజుకారోజు పంచాయతీ కార్యాలయం గోడ మీద రాయించండి. వీటిలో చాలావాటికి కోట్లు అక్కర్లేదు, సంకల్పం చాలు.

పర్యావరణ మంత్రి పనితనాన్ని వనమహోత్సవంలో నాటిన మొక్కలతో లెక్కించే అలవాటు మానేద్దాం. ఏడాది చివర ఒక్క ప్రశ్న అడుగుదాం: సొంత ప్రభుత్వం పంపిన ఫైళ్లలో ఎన్నిటి మీద ‘వీల్లేదు’ అని రాశారు? సున్నా అయితే, ఆ శాఖ ఉన్నా లేనట్టే.