నేల మీద కూర్చుని విన్న పాట

అభిమాన గాయకుడి పాట ఎన్నిసార్లు విని ఉంటారు? క్యాసెట్లో, సీడీలో, ఇప్పుడైతే సెల్‌ఫోన్లో... లెక్కపెట్టడం కష్టమే! మరి ఆయన పాడుతుంటే ఎదురుగా కూర్చుని ఎన్నిసార్లు విన్నారు? ఈ ప్రశ్నకు చాలామంది ఓ క్షణం ఆగిపోతారు. 'ఒకసారి వెళ్దామనుకున్నాం, కుదర్లేదు' అంటారు. పిల్లల పరీక్షలో, ఆఫీసు పనో, మబ్బు పట్టిన ఆకాశమో... ఏదో ఒకటి అడ్డొస్తుంది. 'పోన్లే, టీవీలో వస్తుంది కదా' అని సర్దుకుంటాం.

అయితే కొందరి పాట టీవీలో వచ్చినా పూర్తిగా రాదు. గద్దర్ పాట అలాంటిది. ఆయన రాజకీయాలను ఇష్టపడేవాళ్లున్నారు, గట్టిగా విభేదించేవాళ్లూ ఉన్నారు. ఈవారం ఆ చర్చ జోలికి పోవద్దు. తన పాట తానే అల్లుకుని, బాణీ కట్టుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని ఆడిన మనిషిని ఆరుబయట వింటే ఎలా ఉండేదో మాత్రం చెప్పుకుందాం.

ఆరింటికన్నారు... తొమ్మిదైంది

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న 2010 నాటి మాట. మా ఊరి జూనియర్ కాలేజీ మైదానంలో సభ. గోడమీద పోస్టర్లో సాయంత్రం ఆరు గంటలకని ఉంది. ఇలాంటి సభల సంగతి బాగా తెలిసిన మా మామ ఏడింటికి అన్నం తిని, ఓ పాత దుప్పటి చంకన పెట్టుకుని మరీ బయల్దేరాడు. 'గిప్పుడే పోయి ఏం జేస్తం? ముందుగాల లీడర్లు మాట్లాడాలె, అటెన్క పాట' అన్నాడు. అక్షరాలా అలాగే జరిగింది.

మేం వెళ్లేసరికి మైదానం సగానికిపైగా నిండింది. వేదిక అంటే పెద్ద ఏర్పాటేం కాదు, పక్కపక్కనే ఆపిన రెండు లారీలు. డాలాలు దించి పైన జంపఖానా పరిచారు. చుట్టూ సర్వీ కర్రలకు కట్టిన మైకులు. అంచుల్లో పల్లీల బండి, మిరపకాయ బజ్జీల బండి. చెప్పులే పీటలుగా వేసుకుని కూర్చున్నవాళ్లు కొందరు, తండ్రుల భుజాలెక్కిన పిల్లలు కొందరు. టికెట్ లేదు, వరుస నంబరు లేదు. ఎవరు ముందొస్తే వాళ్లది ముందు.

చోటు కోసం వెతుకుతూ నిలబడితే వెనక నుంచి ఓ పెద్దమ్మ కొంగు సర్దుకుంటూ పిలిచింది. 'కూసో బిడ్డా... నువ్వు నిలవడితె ఎనకోళ్లకు కానొస్తలేదు' అని తన పక్కన జానెడు జాగా ఇచ్చింది. ఆ తర్వాత మూడు గంటలూ మా మోకాళ్లు ఒకదానికొకటి తగులుతూనే ఉన్నాయి. హాల్లో కుర్చీకీ కుర్చీకీ మధ్య చేతులు పెట్టుకునే చెక్క ఉంటుంది. మైదానంలో అది ఉండదు. ఎవరమో తెలియకుండానే దగ్గరవుతాం.

ఉపన్యాసాలు సాగాయి. ఒకాయన దిగితే ఇంకొకాయన. వెనకవరుసల్లోంచి 'పాట... పాట...' అని కేకలు మొదలయ్యాయి. తొమ్మిది దాటాక మైకులో ఒక చప్పుడు వినపడింది. గొంతు కాదు, డప్పూ కాదు. గజ్జెలు! లారీ వెనక మెట్లెక్కుతున్న కాళ్ల గజ్జెలు. అంతే, మైదానం గప్‌చుప్.

పాట మధ్యలో మాట

బిగించి కట్టిన పంచె, భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఫొటోల్లో చూసిందే. కానీ ఫొటోలో తెలియనిదేమిటంటే ఆ మనిషి చాలా సన్నగా ఉంటాడు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో 1949లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావుకు అప్పటికి అరవై దాటాయి. అంత సన్నటి ఒంట్లోంచి అంత గొంతు ఎలా వస్తుందా అని మొదటి నిమిషమంతా ఆశ్చర్యంతోనే గడిచిపోయింది.

రెండో ఆశ్చర్యం... పాట నడిచే తీరు. క్యాసెట్లో అయిదు నిమిషాల్లో అయిపోయే పాట అక్కడ ఇరవై నిమిషాలైనా అవదు. ఒక చరణం పాడతాడు. డోలక్ ఆగిపోతుంది. అక్కడ్నుంచి మాట మొదలవుతుంది. ఓ తల్లిలా మాట్లాడతాడు, ఆమెకు కొడుకులా జవాబిస్తాడు. మధ్యలో ఊరి పెద్దమనిషిని అనుకరిస్తాడు. జనం విరగబడి నవ్వుతుంటే, ఆ నవ్వు ఇంకా ఆగకముందే గొంతు మార్చి రాగం ఎత్తుకుంటాడు. నవ్వుతున్న మొహాలు అలాగే బిగుసుకుపోతాయి. ఆట, మాట, పాట మూడూ ఒకేసారి సాగే పద్ధతి ఇది. బుర్రకథలో, ఒగ్గుకథలో, వీధి భాగోతంలో మన పల్లెలు తరతరాలుగా చూసిందే. 1972లో మొదలైన జన నాట్యమండలితో గద్దర్ ఆ పద్ధతినే తన పాటకు తెచ్చుకున్నాడు.

అభిమానులకు ఒక ఆశ ఉంటుంది కదా... 'నా పాట పాడాలి' అని! నాకూ ఉంది. దాసరి నారాయణరావు తీసిన 'ఒరేయ్ రిక్షా' సినిమా కోసం గద్దర్ రాసిన అన్నాచెల్లెళ్ల పాట. తెర మీద దాన్ని పాడింది వందేమాతరం శ్రీనివాస్. రాసినాయన గొంతులో వినాలని నా కోరిక. చీటీ రాసి ముందువరుసకు పంపాను. అది చేతులు మారుతూ మారుతూ లారీ దాకా వెళ్లడం కళ్లారా చూశాను. అక్కడ ఎవరో అందుకుని జేబులో పెట్టుకున్నారు. ఆ పాట రానేలేదు!

దానికి బదులు, కూలికి పోయే ఓ తల్లి మీద పాట మొదలైంది. నాకు అంతగా తెలియని పాట. కానీ నా పక్కనున్న పెద్దమ్మకు తెలుసు. మొదట పెదాలు కదిపింది. తర్వాత సన్నగా గొంతు కలిపింది. చివరికి వచ్చేసరికి కొంగుతో కళ్లొత్తుకుంటూ, ఎవరితోనో కాదు తనలో తానే అన్నట్టు 'మా ముచ్చటే పాడుతుండు' అంది. నా చీటీ సంగతి అప్పుడే మర్చిపోయాను.

ఆమె అన్నదాంట్లో అతిశయం లేదు. గద్దర్ పాటల్లో చాలావాటి మూలం పొలాల్లో, పనుల్లో పాడుకునే పాటలే. తల్లి లచ్చుమమ్మ పాటలు వింటూ పెరిగానని ఆయనే చెప్పేవాడు. పల్లెకు వెళ్లడం, అక్కడి బాణీ, నుడికారం పట్టుకోవడం, వాటితో కొత్త పాట అల్లడం, దాన్ని మళ్లీ ఆ జనం ముందే పాడటం. వాళ్లకు పట్టుబడని మాట మారిపోయేది, పట్టుబడిన మాట నిలిచేది. కాగితం మీద రాసిన పాట మైదానంలోకి వచ్చాకే పూర్తయ్యేదన్నమాట. ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదువు మధ్యలో ఆపి, కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరి, 1984లో ఆ ఉద్యోగమూ వదులుకున్న మనిషి... ఎక్కువగా చదువుకున్నది ఇలాంటి మైదానాల్లోనే!

ఆరుబయట గొంతు ఎందుకు వేరు?

దీని వెనక కాస్త సైన్సూ ఉంది. హాల్లో పాడితే శబ్దం గోడలకు, పైకప్పుకు తగిలి వెనక్కి వస్తుంది. పాడేవాళ్ల గొంతుకు అదో అండ. మైదానంలో గోడల్లేవు. గొంతు వెళ్లిపోతుందంతే, తిరిగి రాదు. దూరం పెరిగేకొద్దీ పలచబడుతుంది. అందుకే ఆరుబయట పుట్టిన కళలన్నిట్లోనూ కొన్ని పోలికలు కనిపిస్తాయి... పొట్టి పొట్టి పాదాలు, మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి, పక్కన వంత పాడేవాళ్లు, దూరానికి కూడా స్పష్టంగా వినిపించే డప్పు. గోడ చేయాల్సిన పనిని వంత చేస్తుంది. పాడినమాటను తిరిగి గాయకుడికే అందిస్తుంది. వేలమంది కలిసి ఆ వంత అందుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

ఇంకో తమాషా. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే వేదికకు 170 మీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు మాట అర సెకను ఆలస్యంగా చేరుతుంది. వాళ్ల చప్పట్లు మళ్లీ ముందుకు రావడానికి మరో అర సెకను. అందుకే పెద్ద మైదానంలో చప్పట్లు ఒక్కసారిగా మోగవు. అలలాగా ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ పోతుంటాయి. అనుభవమున్న గాయకుడు ఆ అల వచ్చేదాకా ఆగుతాడు. ఆరోజు గద్దర్ కర్ర పైకెత్తి అలా ఆగడం చూశాను. వెనకవాళ్ల వంత వచ్చాకే తర్వాతి పాదం అందుకున్నాడు. 'నువ్వు ఎంత వెనకున్నా నీకోసం ఆగుతాను' అన్నట్టే అనిపించింది.

మామ చూసిన జనసముద్రం

మా మామ గద్దర్‌ను వినడం అది మొదటిసారేం కాదు. ఆయన కథలన్నీ 1990 దగ్గర మొదలవుతాయి. 1985లో అజ్ఞాతంలోకి వెళ్లిన గద్దర్, అయిదేళ్ల తర్వాత 1990 ఫిబ్రవరిలో బయటకొచ్చి హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో పాడాడు. దాదాపు రెండు లక్షల మంది వచ్చారని లెక్క చెబుతారు. అప్పటికి పాతికేళ్ల కుర్రాడైన మామ ఆ లెక్కలో ఒకడు.

'మనిషి కానొచ్చిండా మామా?' అని అడిగితే నవ్వుతాడు. 'యాడ కానొస్తడు? గోడల మీద జనం, చెట్ల మీద జనం. నాకు గొంగడి అంచు గూడ కానరాలె. గొంతు ఇన్న. గదే సాలు అనుకున్న' అంటాడు. ఇరవై ఏళ్లుగా ఏ పెళ్లిలో నలుగురు కలిసినా ఆయన చెబుతున్న కథ ఇదే. కనపడని మనిషి గురించి ఇంత గొప్పగా చెప్పేవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

2010 నాటి ఆ రాత్రి మాకు దగ్గర్నుంచే కనిపించాడు. ఒక్క ఉదుటున గాల్లోకి ఎగిరి కర్ర నేలకు తాకించి మళ్లీ లేచాడు. జనం ఈలలు వేశారు. మామ మాత్రం వేయలేదు. నా చెవి దగ్గరకొచ్చి 'వీపుల తూట వెట్టుకోని ఎగురుతుండు సూడు' అన్నాడు, మెల్లగా.

1997 ఏప్రిల్ 6న అల్వాల్ వెంకటాపురంలోని ఇంటి దగ్గర గద్దర్‌పై గుర్తుతెలియని వ్యక్తులు కాల్పులు జరిపారు. ఒంట్లోకి దిగిన తూటాల్లో ఒకటి వెన్నులోనే ఉండిపోయింది. దాన్ని తీయలేదు. ఆ సంగతి పేపర్లో చదివాను, తెలుసు. కానీ తెలియడం వేరు, అది తెలిసి ఆ ఎగురుడు చూడటం వేరు. ఆ తర్వాత గజ్జె మోగిన ప్రతిసారీ గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది.

ఆ మైదానం పక్కనే...

2023 ఆగస్టు 6న గద్దర్ కన్నుమూశాడు. అభిమానుల చివరిచూపు కోసం పార్థివదేహాన్ని ఉంచింది ఎల్బీ స్టేడియంలో. హైదరాబాద్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, అది నిజాం కాలేజీ మైదానానికి ఆనుకునే ఉంటుంది. 33 ఏళ్ల కిందట ఎక్కడ జనం విన్నారో, దాదాపు అక్కడికే మళ్లీ వచ్చారు. ఏడుస్తూ వచ్చినవాళ్లున్నారు, డప్పులు కొడుతూ, ఆయన పాటలే పాడుతూ వచ్చినవాళ్లున్నారు. మర్నాడు అల్వాల్‌లో ఆయనే స్థాపించిన బడి ఆవరణలో అంత్యక్రియలు జరిగాయి. 'ఒరేయ్ రిక్షా' పాటకు వచ్చిన నంది అవార్డును వద్దన్న మనిషి పేరు మీదే 2025లో తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు ఇచ్చింది.

ఆయన వీడియోలు ఇప్పుడు కావలసినన్ని దొరుకుతాయి. 2011లో వచ్చిన 'జై బోలో తెలంగాణ' సినిమాలో ఆయన ఆడి పాడిన పాటను మా ఇంట్లో పిల్లలు సైతం చూస్తారు. మంచిదే. కాకపోతే కెమెరా గాయకుడి వైపే తిరిగి ఉంటుంది. జానెడు జాగా ఇచ్చిన పెద్దమ్మ అందులో ఉండదు. అల కోసం ఆగిన ఆ అర సెకను ఎవరికోసమో అందులో కనిపించదు. సగం పాట అటువైపే ఉండిపోతుంది.

ఉత్తరాంధ్రను ఉర్రూతలూగించిన వంగపండు ప్రసాదరావు 2020లో వెళ్లిపోయారు. అందెశ్రీ 2025లో వెళ్లిపోయారు. అయినా తన పాట తానే రాసి పాడే గొంతులు మన మధ్య ఇంకా ఉన్నాయి. గోరటి వెంకన్న ఉన్నారు. పెద్దగా పేరు రాని వాళ్లు జిల్లాకు పదిమందైనా ఉంటారు. వాళ్ల సభకు టికెట్ ఉండదు, ఉన్నా సినిమా టికెట్ కన్నా ఎక్కువేం కాదు.

కాబట్టి ఈసారి మీ ఊరి గోడమీద పాటల సభ పోస్టర్ కనిపిస్తే తేదీ రాసిపెట్టుకోండి. మా మామ సూత్రాలు నాలుగే: అన్నం తిని వెళ్లాలి, పాత దుప్పటి తీసుకెళ్లాలి, పిల్లల్ని వెంట తీసుకెళ్లాలి, పాట నడుస్తుంటే ఫోన్ జేబులోంచి తీయకూడదు. అయిదోది నేను కలుపుతున్నా... పక్కవాళ్లకు చోటు లేకపోతే, కాస్త జరిగి జానెడు జాగా ఇవ్వండి.