ఇంజను మూలుగుతా ఉంటే మనకు వినపడదా?

మన ఇళ్ళలో బండి నేర్పించే పద్ధతి ఒకటుంది. పక్కన కూర్చున్న పెద్దాయన రోడ్డు చూడడు, ఇంజను చప్పుడు వింటా ఉంటాడు. చప్పుడు కాస్త పెరిగిందంటే చాలు, "అరస్తా ఉంది చూడు, మార్చు మార్చు" అంటాడు. నాయనలు, చిన్నాయనలు, మామలు, అందరిదీ ఇదే పాట. శ్రీనివాసపురం పక్క మామిడి తోపులో అయినా, హోసూరు పక్క చుట్టాల పొలంలో అయినా తేడా లేదు. గేరు ఎంత తొందరగా పైకి పోతే అంత పెట్రోలు మిగులుతుందని, ఇంజను అంత కాలం బతుకుతుందని వీళ్ళ నమ్మకం. చిన్న ఇంజను పెట్టుకొని మట్టి దిన్నెలు ఎక్కే బండికి ఈ నమ్మకం చేటు. పెద్దలకు కోపం వస్తే రానీండి, ఈసారి మేము రాసేది దాని గురించే.

ఇప్పుడే ఎందుకంటే, మన జిప్సీని అమ్మేద్దామనే మాట ఇంట్లో లేచింది. "పెట్రోలు బండి, దమ్ము లేదు, కాయల క్రేట్లు వేస్తే దిన్నె ఎక్కదు" అని దాని మీద నేరం. నేరం బండిది కాదు, గేరు మార్చే చేతిది అని మా వరస పిల్లలందరం అంటున్నాం.

ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే పెద్దల తప్పు కూడా పెద్దగా లేదు. తాత కాలంలో ఇంట్లో తిరిగింది మహీంద్రా డీజిల్ జీపు. ఎంఎం 540లో ఉండే పెజో డీజిలు 2112 సీసీ. దాని బలమంతా అడుగునే ఉంటుంది, 2000 ఆర్‌పీఎం చుట్టుపక్కలే. దాన్ని ఎక్కువ తిప్పితే వచ్చేది చప్పుడూ పొగే. తొందరగా గేరు మార్చడం దానికి సరిపోయింది. ఆ చేతులే తరవాత జిప్సీ స్టీరింగు పట్టుకున్నాయి. 1985 చివర్లో మారుతి జిప్సీ వచ్చినప్పుడు దాని ఇంజను 970 సీసీ. 1996లో జిప్సీ కింగ్ వచ్చాక 1298 సీసీ అయింది. మన దగ్గర ఉన్న ఎంపీఎఫ్ఐ బండిలో తిప్పే బలం ఎక్కువంటే 103 న్యూటన్ మీటర్లు, అదీ 4500 ఆర్‌పీఎం దగ్గర. 80 హార్స్‌పవర్ పూర్తిగా రావాలంటే 6000 దాకా పోవాలి. అంటే పెద్దలు "అరస్తా ఉంది" అని భయపడే చోటే ఈ ఇంజను ఒళ్ళు వంచి పని చేసేది.

దీని కంటే పెద్ద సంగతి గేరు పెట్టెలో ఉంది. జిప్సీ కింగ్‌లో మొదటి గేరు నిష్పత్తి 3.652, రెండోది 1.947. ఈ రెంటి నడుమ ఉన్నది మెట్టు కాదు, గుంత. మొదటి గేరులో 3000 దగ్గర ఉన్నప్పుడు రెండుకు మార్చినారనుకోండి, ఇంజను 1600కు పడిపోతుంది. 4500 దాకా ఆగి మార్చితే 2400 దగ్గర పడుతుంది. చదును నేల మీద 1600 అయినా ఎట్లో తేరుకుంటుంది. దిన్నె మీద, వెనక కాయలు, పైన నలుగురు మనుషులు ఉన్నప్పుడు తేరుకోదు. పైగా క్లచ్చు తొక్కిన ఆ ఒక్క నిమిషార్థంలో ఊపు కూడా పోతుంది. (కన్నడ బళ్ళో మాకు దీన్ని సంవేగ అని నేర్పినారు, తెలుగు పుస్తకాల్లో ద్రవ్యవేగం. మన ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఊపే.) ఊపు పోయి, బలం లేని చోట పడి, బండి గుడగుడమని వణికి ఆగిపోతుంది. అప్పుడు "దమ్ము లేదు" అంటారు.

మన భాషలో ఇంజనుకు రెండు గొంతులున్నాయి: అరవడం, మూలగడం. అరుపంటే మనవాళ్ళకు భయం. మూలుగంటే లెక్కలేదు. అసలు భయపడాల్సింది మూలుగుకే. తక్కువ తిరుగుడులో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే సిలిండర్ల లోపల ఒత్తిడి పెరుగుతుంది, పెట్రోలు అదును కాని చోట మండి టకటక కొడుతుంది, ఆయిలు ఒత్తిడి తక్కువగా ఉన్నప్పుడే బేరింగుల మీద బరువు పడుతుంది. మరి పెట్రోలు? పూర్తిగా తొక్కినప్పుడు ఇంజెక్షన్ బండి మామూలు కంటే చిక్కగా పెట్రోలు పోస్తుంది. ఆగిపోయిన బండిని మళ్ళీ లేపడానికి క్లచ్చు సగం తొక్కి కాల్చే ప్లేటు ఖర్చు ఎవరి లెక్కలో రాసుకుంటారు?

తారు రోడ్డు మీద, ముళబాగిలు దారిలో చదునుగా పోయేటప్పుడు చిన్నాయన మాటే నిజం. అక్కడ తొందరగా పై గేరులో పడితే పెట్రోలు మిగులుతుంది, మేము కాదనం. ఆ మాటను తోపు గేటు దాటించి లోపలికి తేవద్దంటున్నాం, అంతే.

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు. "మామూలుగా పని చేస్తుందిలే" అనే మాట నమ్మకపోవడానికే మాకు జీతం. అందుకని తోపులో బావి వెనక ఉన్న మొరం దిన్నె మీద ఒక్కటొక్కటే మార్చి చూసినాం. అదే బండి, అవే క్రేట్లు, స్టీరింగు మీద అదే మనిషి. సగంలో రెండుకు మార్చిన ప్రతిసారీ మూలిగింది, రెండుసార్లు ఆగిపోయింది. దిన్నె మొదట్లోనే ఆగి, ముందు చక్రాల హబ్బులు తిప్పి, ఫోర్ వీల్ లో వేసి, రెండో గేరులో బయలుదేరి, పైదాకా గేరు ముట్టకుండా పోతే ప్రతిసారీ ఎక్కింది.

లో రెండే ఎందుకంటే, లెక్క చిన్నదే. జిప్సీలో లో అంటే హై కంటే సుమారు 1.6 రెట్లు, అంతే. కొత్త జిమ్నీలో ఇది 2 రెట్లు. లోతు తక్కువని జిప్సీని తిడతారుగానీ, ఆ 1.6తో లో రెండో గేరు హై ఒకటికీ హై రెండుకీ నడుమ పడుతుంది. పైన చెప్పిన గుంతను పూడ్చే గేరు అదే. మన ఇంట్లో ఆ చిన్న లివరు బురదలో కూరుకుపోయినాకే గుర్తొస్తుంది. తారు మీద మాత్రం దాన్ని ముట్టొద్దు, నడుమ డిఫరెన్షియల్ లేని బండి, మలుపుల్లో లోపల పళ్ళన్నీ బిగుసుకుంటాయి.

వీడియోలు చూసి మొదటి గేరులో చివరిదాకా తొక్కే మా తమ్ముళ్ళకూ ఒక మాట. వాన పడినాక చెరువు లోపలి ఒండ్రులో మొదటి గేరు చక్రాన్ని తిప్పుతుంది, బండిని కాదు. గుంత తవ్వుకొని ఇరుసు దాకా కూర్చుంటారు. అక్కడ లో రెండు గానీ మూడు గానీ వేసి, కాలు కదపకుండా, ఒకే తీరుగా పోవాలి. ఎక్కడైనా సరే, నడుమలో గేరు మార్చే పని పెట్టుకోకూడదు. ముందే దిగి నేల చూసి, ఏ గేరో తేల్చుకొని ఎక్కండి. మన జిప్సీలో ఆర్‌పీఎం ముల్లు లేదు, చెవే ముల్లు. యాక్సిలరేటరు కొంచెం తొక్కితే బండి ముందుకు దూకాలి. తొక్కినా చప్పుడు లావెక్కి బండి దూకలేదంటే మీరు ఒక గేరు పైన ఉన్నారు.

దిగేటప్పుడు న్యూట్రల్ వేసే జబ్బు ఇంకోటి. నంది కొండ దిగే దారిలో బ్రేకుల కమురు వాసన ఊరికే రాదు. ఎక్కిన గేరులోనే దిగాలి. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే ఎంపీఎఫ్ఐ ఇంజను పెట్రోలు పోయడమే ఆపుతుంది, న్యూట్రల్లో ఆరిపోకుండా ఉండటానికి పోస్తానే ఉంటుంది. పొదుపు కావాలన్నవాళ్ళకే ఈ మాట.

మాకు అన్నిటికంటే మంట పుట్టించేది వేరే. మా అత్త కూతురు ఆ మొరం దిన్నె మీదే నేర్చుకుంటా ఉన్నప్పుడు, పక్కనుంచి "మార్చు మార్చు" అన్నారు. మార్చింది. ఆగిపోయింది. వెనక్కి జారింది. "నీకు రాదులే, దిగు" అన్నారు. చెప్పినట్టు చేసినందుకు! ఆ తరవాత ఆ పిల్ల స్టీరింగు ముట్టలేదు. ఆగిపోయినప్పుడు ఏం చేయాలో కూడా ఎవరూ చెప్పలేదు. ఇంజను ఆగినాక బ్రేకుకు సాయం ఒకటి రెండు తొక్కుళ్ళకే ఉంటుంది, కాబట్టి తొక్కిన కాలు తీయకూడదు. రివర్సు వేసి, ఇంజను రాజేసి, క్లచ్చు పూర్తిగా వదిలి, నేరుగా వెనక్కి దిగిపోవాలి. పక్కకు తిప్పితే బోల్తా.

మామూలు జనానికి జిప్సీ అమ్మకం 2019లోనే ఆగిపోయింది, ఇచ్చేస్తే ఇంకో కొత్తది దొరకదు. ఉగాదికి అందరూ వస్తారు కదా, అమ్మే మాట ఎత్తే ముందు చిన్నాయన ఒక్కసారి క్రేట్లు వేసుకొని లో రెండులో ఆ దిన్నె ఎక్కి రావాలి. స్టీరింగు మీద అత్త కూతురు ఉంటుంది, ఆయన పక్కన కూర్చోవచ్చు, మాట్లాడకూడదు. తాళంచెవి వసారాలో మేకుకే ఉంది.