బాబాసాహెబ్ వాదించిన మాటకి మనకి సిగ్గెందుకు?

మొన్న మా పక్క పేటలో ఓ కుర్రాడు చనిపోయాడు. పదేళ్లు చెన్నైలో బిల్డింగు పనులు చేసి, ఎముకల గూడై ఇల్లు చేరాడు. పాడె మొయ్యడానికి నలుగురు దొరకలేదు. "ఆడికా రోగం ఆడోళ్ల వల్ల రానేదంట మాస్టారూ" అని నా చెవిలో ఊదారు. వాడు నా దగ్గర చదువుకున్నవాడే. తోటి గుంటలు "ఆడంగోడా" అని ఏడిపిస్తుంటే నేను వినీ విననట్టు పాఠం చెప్పుకుపోయాను. వాడి చావులో నా మౌనానికీ వాటా ఉంది.

ఆ తప్పు ఒప్పుకునే అడుగుతున్నాను. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపితే మనం రోడ్డెక్కాం. వలసపోయిన మన బిడ్డలు, మందుండి కూడా ఎయిడ్స్‌తో చస్తుంటే తలుపులేసుకుంటున్నాం. ముట్టుకుంటే మైల అన్నవాళ్లతో తరతరాలు పోరాడిన మనం, ఆ పాడె దగ్గర అదే మాట మన బిడ్డనన్నాం.

"ఇవి సంఘంలో మాట్లాడే విషయాలా?" అంటారు పెద్దలు. 1934లో బొంబాయిలో 'సమాజ్ స్వాస్థ్య' పత్రిక నడిపే ఆర్.డి. కర్వే మీద అశ్లీలం కేసు పెట్టారు. లైంగిక విషయాల గురించి, మగవాళ్ల మధ్య సంబంధాల గురించి కూడా, పాఠకులడిగిన ప్రశ్నలకి జవాబులిచ్చాడన్నదే ఆయన నేరం. ఆయన తరపున నిలబడ్డ వకీలు ఎవరనుకున్నారు? మన బాబాసాహెబే. జనం అడిగితే జవాబు చెప్పడం బూతెలా అవుతుందని వాదించారు. కేసు ఓడిపోయింది, కర్వేకి జరిమానా పడింది. కానీ 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడ్డ పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని 377 సెక్షన్ మీద తీర్పిచ్చినప్పుడు, బాబాసాహెబ్ చెప్పిన రాజ్యాంగ నైతికతనే గుర్తుచేసింది.

ఇది పట్నం డబ్బున్నోళ్ల వ్యవహారం అనుకోకండి. 2017 సర్కారు లెక్కల్లో దేశంలోని పెద్దవాళ్లలో వెయ్యికి ఇద్దరికి హెచ్.ఐ.వి. ఉంటే, మగవాళ్లతో సంబంధమున్న మగవాళ్లలో వెయ్యికి 27 మందికి ఉంది. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. భయంతో, చీకట్లో, హడావిడిగా కలిసేచోట నిరోధ్ ఉండదు. పైగా ఆ కలయికలో లోపలి పొర చిట్లి క్రిమి తేలిగ్గా ఎక్కుతుంది. ఇంటివాళ్లేమో బలవంతాన పెళ్లి చేస్తారు. ఏ పాపం తెలియని కోడలికీ అంటుకుంటుంది. అమెరికాలో స్పానిష్ మాట్లాడే వలస కుటుంబాల్లోని ఇలాంటి మగవాళ్లదీ ఇదే గతి. జనాభాలో వాళ్ల వాటా కంటే కొత్త కేసుల్లో వాటా చాలా ఎక్కువ. మందు లేక కాదు. కాగితాలు లేక, భాష రాక, ఇంట్లో చెప్పుకోలేక.

కాబట్టి విప్పి చెబుతున్నాను. ప్రతిసారీ నిరోధ్ వాడాలి. నూనె, వాసెలిన్ రాస్తే అది చిరుగుతుంది, నీటితో చేసిన జెల్లీయే వాడాలి. సర్కారు ఆసుపత్రిలోని ఐ.సి.టి.సి. కేంద్రంలో రక్తపరీక్ష ఉచితం. రోగం ఉందని తేలితే ఏ.ఆర్.టి. మందులూ ఉచితమే, మన రాష్ట్రంలో 2004 నుంచి ఇస్తున్నారు. మానకుండా మింగితే మనిషి కష్టం చేసుకుని నిండు నూరేళ్లు బతుకుతాడు. పరీక్షలో కనబడనంతగా క్రిమి తగ్గి, అలాగే ఉంటే కలయిక వల్ల ఇంకొకరికి సోకదు. కలిసి తింటే, ముట్టుకుంటే, పాడె మోస్తే ఎన్నటికీ రాదు. 1097కి ఫోన్ చేస్తే డబ్బులవ్వవు, సలహా చెబుతారు.

2017 నాటి చట్టం ప్రకారం మనిషి ఒప్పుకుంటేనే పరీక్ష చెయ్యాలి, ఫలితం గుట్టుగా ఉంచాలి, రోగం పేరుతో పనిలోంచి, వైద్యం నుంచి గెంటకూడదు. అట్రాసిటీ చట్టాన్ని నేర్చుకున్నట్టే మన కార్యకర్తలు దీన్నీ నేర్చుకోవాలి.

సంక్రాంతికి చెన్నై నుంచి, హైదరాబాద్ నుంచి మన కుర్రాళ్లు బస్సులు దిగుతారు. ఆ వారంలోనే ప్రతి పేటలో సంఘం కూర్చోవాలి. ఎవడు ఎవరితో అని ఆరా తియ్యొద్దు. విషయం అందరికీ చెప్పండి. "భయపడకురా నాయినా, నేనొస్తాను పద" అనండి. పాడె మోసే నలుగురి కోసం వెతికే రోజు రాకముందే, ఆసుపత్రికి తోడెళ్లే ఒక్కడు కావాలి.

జై భీమ్!