తొమ్మిది గుమ్మాల రాగం

కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు సాధారణంగా మొదట పాడేది మాయామాళవగౌళే. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అన్నీ అందులోనే. ఈ ఏర్పాటు 16వ శతాబ్దంలో పురందరదాసు చేశారని సంప్రదాయం చెబుతుంది. ఆ రాగమే ఎందుకంటే గురువుల దగ్గర ఒక జవాబుంది: పూర్వాంగం, ఉత్తరాంగం అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి, పిల్లల గొంతుకు సులువు. అదే ప్రశ్న కంప్యూటర్‌కు వేస్తే మరో విశేషం బయటపడుతుంది.

చుక్కలు, వాటిని కలిపే గీతల గణితమే గ్రాఫ్ సిద్ధాంతం. 1736లో కోనిగ్స్‌బర్గ్ వంతెనల చిక్కుముడి విప్పి దానికి పునాది వేసిన ఆయిలర్, 1739లో తన సంగీత గ్రంథంలో స్వరాలనూ వలలా గీశాడు. మన మేళకర్తలు ఈ పద్ధతికి చక్కగా ఒదుగుతాయి. 17వ శతాబ్దంలో వేంకటమఖి ‘చతుర్దండీ ప్రకాశిక’లో 72 మేళాలకు లెక్క కట్టాడు. వాటిలో ఆయన వివరించినవి నాటి వాడుకలోని 19 మాత్రమే.

ఒక్కో మేళం ఒక చుక్క అనుకుందాం. రెండు మేళాల మధ్య ఒకే ఒక్క స్వరం తేడా ఉంటే గీత గీద్దాం. శంకరాభరణం 29వది, కల్యాణి 65వది. సంఖ్యల్లో దూరం 36. కానీ మారేది మధ్యమం ఒక్కటే కనుక అవి పక్కపక్క ఇళ్లు. నెట్‌వర్క్‌ఎక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఈ నియమం ఇస్తే 228 గీతలు తేలతాయి. మొదటిదైన కనకాంగి నుంచి చివరిదైన రసికప్రియకు అయిదే అడుగులు. ఏ రెండు మేళాల మధ్యా అంతకు మించి దూరం లేదు.

ఒక్కో మేళానికి అయిదు నుంచి తొమ్మిది దాకా పొరుగిళ్లున్నాయి. తొమ్మిదీ ఉన్నవి రెండే: మాయామాళవగౌళ, దాని ప్రతిమధ్యమ జంట కామవర్ధని. కారణం సులువే. మాయామాళవగౌళలో రిషభం బాగా కింద, గాంధారం బాగా పైన. దైవత నిషాదాలూ అంతే. మధ్యలో ఖాళీ ఉంది కనుక ఏ స్వరమైనా జరగొచ్చు. రిషభం కదిలితే సరసాంగి, గాంగేయభూషణి. నిషాదం దిగితే వకుళాభరణం, గాయకప్రియ.

పురందరదాసు ఇదంతా లెక్కవేశారా? 72 మేళాల పట్టిక ఆయన తర్వాతిది. మన పూర్వులకు అన్నీ ముందే తెలుసని చంకలు గుద్దుకోనక్కర్లేదు. త్యాగరాజు అన్ని కృతులు కూర్చిన ఖరహరప్రియకు ఇదే లెక్కలో పొరుగిళ్లు అయిదే. పైగా సాఫ్ట్‌వేర్‌కు స్వరమంటే కదలని చుక్క. ఊగే గాంధారం లేనిదే తోడి లేదు. ఆ గమకం ఏ గీతకూ చిక్కదు.

అయినా ఈ పటం గురువులకు పనికొస్తుంది. పిల్లలచేత 72 పేర్లు వరసగా వల్లె వేయిస్తే నోటికి వస్తాయి, చెవికి రావు. వచ్చిన రాగంలోనే ఒక్క స్వరం జరిపి పాడిస్తే తేడా వెంటనే వినిపిస్తుంది. మొదటి పాఠం నుంచే అలా వెళ్లడానికి తొమ్మిది దారులున్నాయి.