ముందు మీ బాధ్యత సంగతి!

హక్కు మాట ఎత్తితే చాలు, "ముందు మీ బాధ్యత సంగతి చూసుకోండి" అంటారు. వేదిక మీద నాయకుడూ అంటాడు, కుళాయికి నీళ్లు రావడం లేదని మున్సిపల్ ఆఫీసుకు వెళితే కౌంటర్లో గుమస్తా కూడా అంటాడు. ఇంటిపన్ను రసీదు చేతిలో ఉన్నా సరే. మాట సబబుగానే వినిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో ప్రాథమిక విధుల జాబితా లేదు. స్వరణ్ సింగ్ కమిటీ సిఫార్సు మీద 1976లో, 42వ సవరణతో చేరింది. అవి ఎమర్జెన్సీ రోజులు. అన్యాయంగా జైల్లో పెట్టారని కోర్టు తలుపు తట్టే హక్కు కూడా అప్పటికి లేదని అదే ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెప్పింది. హక్కులకు తాళం వేసినవారే విధుల చిట్టా చేతికిచ్చారు. అలాగని ఆ విధులు చెడ్డవేం కావు. చెరువులూ అడవులూ కాపాడమంటే ఎవరు కాదంటారు? ధర్నా పేరుతో బస్సు అద్దాలు పగలగొట్టేవాళ్ల తరఫున నేను వకాల్తా పుచ్చుకోను.

అయితే విధి పేరు చెప్పి హక్కు లాక్కోవచ్చా? 1985లో కేరళలో ఈ ప్రశ్నే వచ్చింది. యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ అందరితో పాటు లేచి నిలబడేవారు. పాడేవారు మాత్రం కాదు, తమ మతం ఒప్పుకోదన్నారు. బడి నుంచి పంపేశారు. హైకోర్టులోనూ చుక్కెదురైంది. జాతీయగీతాన్ని గౌరవించాలన్న మాట 51ఎ అధికరణంలో మొదటి విధిలోనే ఉంది మరి!

1986 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మర్యాదగా నిలబడ్డ పిల్లలు అగౌరవపరిచినట్టు కాదన్నారు. పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదన్నారు. చట్టం అండ లేని సర్కారీ ఉత్తర్వుతో భావప్రకటన స్వేచ్ఛకు, మత స్వేచ్ఛకు అడ్డు కట్టడం కుదరదన్నారు. పిల్లల్ని తిరిగి చేర్చుకోమన్నారు.

బాధ్యత గుర్తుచేసే పెద్దలు తమ వంతు మాత్రం మరిచిపోతారు. 2002లో 86వ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేసింది, వాళ్లను చదివించడం తల్లిదండ్రుల విధి అనీ చేర్చింది. కూలికి వెళ్లే తల్లి పిల్లాణ్ణి పొద్దున్నే బడికి పంపింది. అక్కడ పంతులు లేకపోతే తప్పు ఎవరిది?

కాబట్టి కౌంటర్లో గుమస్తా మీ బాధ్యత గుర్తుచేస్తే సరేననండి. బాకీ ఏమైనా ఉంటే కట్టేయండి. నీళ్ల అర్జీ మాత్రం వెనక్కి తీసుకోకండి.