ఓడలో ఉతుకు
కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ నుంచి విహార నౌక ఎక్కాలంటే దగ్గరి రేవు చెన్నై. ఎక్కాక లాండ్రీ రేట్లు చూసి గుండెలు బాదుకునేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే ఆ రేటు న్యాయమే. నడిసముద్రంలో మంచినీళ్లు ఊరికే రావు. ఇంధనం ఖర్చుపెట్టి ఉప్పునీటిని మంచినీరుగా మార్చాలి. నీటి విలువ కోలారు వాళ్లకు ఒకరు చెప్పాలా? గనుల ఊరికి బేతమంగళ నుంచి నీళ్లు తెచ్చుకున్నాం. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మన చెరువులు నింపుకుంటున్నాం. కాబట్టి త్వరగా ఆరే నాలుగు జతలు సర్దుకోండి. లోబట్టలు సింకులో జాడించి బాత్రూంలోనే ఆరేయండి. బాల్కనీ కమ్మీ మీద వేస్తే గాలికి సముద్రం పాలే. ఇస్త్రీపెట్టెను నిప్పు భయంతో చాలా ఓడల్లో రానివ్వరు. ముడతల చొక్కాతో భోజనానికి వెళ్తే కొంపేమీ మునగదు.