మస్కి శిల చెప్పు పాఠము

మన మస్కి బండపై 1915లో బయల్పడిన శాసనముననే, అశోకుని శాసనములన్నింటిలో ఆయన పేరు మొదటిసారి కానవచ్చెనని విద్యార్థులెరుగుదురు. కాని ఉన్నతస్థితి గొప్పవారికే దక్కునని తలంపరాదనియు, ధర్మనిరతుడైన సామాన్యుడును దానిని పొందగలడనియు అందు చెప్పబడిన మాటను తలచువారు కొందరే.

తుంగభద్ర కాలువల వెంట వచ్చి క్యాంపులలో స్థిరపడిన రైతుల బిడ్డలతోపాటు, కూలికై వచ్చినవారి బిడ్డలును మన తరగతులలో నున్నారు. వీరికి ఇంట తెలుగు, అంగడిలో కన్నడము. కూలివాని బిడ్డకు "ఇంతకన్న రాదులే" యని తేలిక ప్రశ్నవేసి కూర్చుండబెట్టుట ఉపాధ్యాయులమగు మాకు అలవాటైనది. అది దయ కాదు, అన్యాయము.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేరినది. వసతి ప్రభుత్వమీయవలెను, నమ్మకము మేమీయవలెను. పరీక్ష తప్పిన బిడ్డకు జాలి కాదు, మరియొక గంట పాఠము కావలెను.